చల్లగదిలో పాసైన మెమరీ

ఇష్తియాక్ తన ఫోను బల్ల మీద పెట్టి ఒక్క వేలితో నా వైపు నెట్టాడు. అందులో ఒక కంప్యూటరు తెర ఫొటో. నల్లటి తెర మధ్యలో పచ్చటి అక్షరాలు: పాస్.

"రాత్రంతా తిప్పినా ఆపా. ఒక్క తప్పు కూడా ల్యా. ఇంక నీ అనుమానం తీరిందా?"

తీరలేదు. కానీ ఆ మాట వాడి మొహం మీద అనడానికి నా చేతిలో ఏమీ లేదు. ఆ కంప్యూటరు మెమరీ చెడి ఉంటుంది, పరీక్ష చేయించండి అని పోలీసు అధికారి దగ్గర పట్టుబట్టింది నేనే. ఇప్పుడు ఆ పరీక్ష నా నెత్తికే చుట్టుకుంది.

ఇష్తియాక్‌ది నంద్యాల, నాది కర్నూలు. నన్ను ఆపా అంటాడు, అక్క అని. ఒకప్పుడు సౌదీలోని ఇదే దమ్మామ్‌లో ఒకే ఇన్సూరెన్సు ఆఫీసుకు ఎంక్వైరీలు చేశాం. నేను ఎండలో తిరిగి పట్టుకున్న దొంగతనాల కింద తన పేరు రాసుకుని వాడు మెట్లెక్కాడు. ఇప్పుడు ఈ గోదాముల కంపెనీలో సెక్యూరిటీ, కంప్యూటర్లు రెండూ వాడి చేతి కిందే. నేను ఒక వకీలు దగ్గర ఉన్నాను. నా ఇఖామా మీద, ఇక్కడ ఉండనిచ్చే కార్డు అది, 'ముతర్జిమా' అని, అంటే అనువాదకురాలు అని ఉంటుంది. డిటెక్టివ్ అని రాస్తే ఇక్కడ ఎవరూ ముద్ర వేయరు. చేసేది మాత్రం ఆ పనే.

కేసు చెప్పడానికి చిన్నది. స్టోర్‌కీపర్ నబీ రసూల్, కడప జిల్లా మనిషి, స్పేర్ పార్టుల గదిలో తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. ఎండాకాలం మధ్యాహ్నం మూడు గంటలపాటు బయట పని చేయించకూడదని ఇక్కడ చట్టం. ఆ వేళ కూలీలంతా క్యాంపుకు పోయి పడుకుంటారు. చావు ఆ వేళలోనే జరిగింది. స్టోరులోకి పోవాలంటే తలుపు దగ్గర కార్డు గీకాలి. బయటికి రావడానికి బటన్ నొక్కితే చాలు. గీకిన కార్డు నంబరు గేటు క్యాబిన్‌లోని కంప్యూటరుకు చేరుతుంది. ఆ మధ్యాహ్నం నబీ రసూల్ తర్వాత లోపలికి పోయిన కార్డు ఒక్కటే ఒక్కటి. నంబరు 228. అది ఏసీ మెకానిక్ భూమేష్‌ది. జగిత్యాల దగ్గరి కుర్రవాడు.

పైగా ముందురోజే మెస్సులో అందరి ఎదుటా ఇద్దరూ కలబడ్డారు. స్టోరులో రాగి తీగ చుట్టలు మాయమవుతున్నాయని, ఏసీవాళ్ళే ఎత్తుకుపోతున్నారని నబీ రసూల్ అన్నాడు, భూమేష్ అతని చొక్కా పట్టుకున్నాడు. పోలీసులకు ఇంకేం కావాలి? రేపు పొద్దున ఫైలు నియాబాకు, అంటే ప్రాసిక్యూషన్ వాళ్ళకు పోతుంది. ఒకసారి అక్కడికి చేరిందంటే వెనక్కి రావడం కల్ల. హత్య అని తేలితే ఈ దేశంలో తల దక్కదు.

నన్ను ఈ కేసులోకి లాగింది లక్ష్మణ్. భూమేష్ అక్క సరళకు భర్త, అదే కంపెనీలో పికప్ డ్రైవరు. వకీలు ఆఫీసులో ఖాళీ కుర్చీలున్నా నేల మీద కూలబడి, మా బామ్మర్దిని బయటెయ్యి అక్కా, ఆ మిషిని అబద్ధం చెప్తున్నది అన్నాడు. అప్పటి నుంచి నా నీడ వదల్లేదు. ఇప్పుడు కూడా ఇష్తియాక్ గది తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, పాస్ అన్న ఆ ఫొటో వైపు మిడిగుడ్లేసుకుని చూస్తున్నాడు.

"మిషినుకు అబద్ధం చెప్పాల్సిన పని ల్యా. మనిషికి ఉంటాది," అన్నాడు ఇష్తియాక్, లక్ష్మణ్‌ను చూస్తూ. నాకు ఒళ్ళు మండింది. వాడి టీ తాగకుండా పక్కకు జరిపి, మిగిలిన ఫొటోలు చూపించమన్నాను. విసుక్కుంటూ చూపించాడు. కంప్యూటరు పెట్టె ముందు నుంచి, వెనక నుంచి, మూత విప్పాక. ఆ మూడో ఫొటో దగ్గర నా వేలు ఆగింది.

లోపలి ఫ్యాను రెక్కలు తళతళలాడుతున్నాయి. మెమరీ పలక మీద చిన్న మరక లేదు. తెరిచాక ఊదావా, తుడిచావా అని అడిగాను. తెచ్చింది తెచ్చినట్టే పరీక్షకు పెట్టానని, ముట్టుకోవద్దని నేనే కదా అన్నానని వాడు గయ్యిమన్నాడు. ఎక్కడ పెట్టావంటే హెడ్డాఫీసు సర్వర్ రూములో అన్నాడు. స్వెట్టరు లేకుండా అక్కడ నిలబడలేమని గొప్పగా చెప్పాడు కూడా.

దమ్మామ్‌లో లారీలు తిరిగే గేటు పక్కన అన్నేళ్ళు పనిచేసిన కంప్యూటరు లోపల అంత శుభ్రంగా ఎట్లా ఉంటుంది? నా కారు అద్దాలెక్కించి పెట్టినా సాయంత్రానికి సీట్ల మీద దుమ్ముతో పేరు రాసుకోవచ్చు. లేచి నిలబడ్డాను.

"క్యాబిన్ చూడాల," అన్నాను.

"చూడు. నీ తృప్తి నీది. రేపటికి ఫైలు పోతాది," అన్నాడు ఇష్తియాక్. అయినా నా వెనకాలే వచ్చాడు. వాడికి నన్ను ఒంటరిగా వదలాలంటే భయం, అది పాత సంగతి.

పొద్దున్నే నేను జైల్లో భూమేష్‌ను చూసి వచ్చాను. పది నిమిషాలు ఇచ్చారు. ఆ నిద్రవేళలో క్యాంపు గదిలోనే ఉన్నాడట, గదిలో వాళ్ళు వేరే సైటులో ఉన్నారట, చూసినవాళ్ళు లేరు. ఇంకేమైనా గుర్తుందా అంటే వాడు తన పని గురించే బాధపడ్డాడు. ఆ రోజు పొద్దున గేటు క్యాబిన్ ఏసీ విప్పి, మోటరు కాలిందని తెలిసి, కొత్త మోటరు నబీ రసూల్‌ను అడగడానికి మొహం చెల్లక అట్లనే వదిలేసి వచ్చానన్నాడు. "దేవన్న ఉడికిపోయి ఉంటడు మేడం, బిగించి రావాల్సింది," అన్నాడు అక్కడి వాచ్‌మన్‌ను తలుచుకుని. తల పోయే కేసులో ఉండి ఇంకొకడి ఉక్కపోత గురించి ఏడ్చేవాడిని ఏమనాలి? ఆ మాట అప్పుడు నాకు అంతగా పట్టలేదు. క్యాబిన్ తలుపు తీసేసరికి పట్టింది.

క్యాబిన్ అంటే ఒక రేకు డబ్బా. ఒక కిటికీ, ఒక బల్ల, గోడకు కొత్త ఏసీ. బల్ల కింద కంప్యూటరు పెట్టె ఉన్న చోట నలుపలకల గుర్తు. మోకాళ్ళ మీద కూర్చుని దాని చుట్టూ వేలితో రాశాను. వేలు గోధుమరంగుకు తిరిగింది. కిటికీ పట్టీల్లో, వైర్ల మీద, కుర్చీ కాళ్ళకు, ఎక్కడ ముట్టుకున్నా దుమ్మే. ఇంత దుమ్ములో కాపురం చేసిన పెట్టె లోపల మాత్రం కడిగిన కంచంలా ఉంది. అంటే దాని మీద ఎప్పుడూ ఏదో కప్పి ఉంచారు.

గేటు వాచ్‌మన్ దేవన్నది ఆర్మూరు వైపు ఊరు. యాభై దాటిన మనిషి. ఇష్తియాక్‌ను బయట నిలబెట్టి తలుపు వేసి, నేను కింద కూర్చుని అతన్ని కుర్చీలో కూర్చోబెట్టాను. కూర్చోవడానికే భయపడ్డాడు. మొదట సులువైనవి అడిగాను. ఆ మధ్యాహ్నం ఏసీ విప్పి ఉంది, నిజమే. లోపల పొయ్యిలాగా ఉంటే కిటికీ మూసేసి, తడి తువ్వాలు నెత్తిన వేసుకుని గోడ నీడలో కూర్చున్నాడు. అక్కడి నుంచి స్టోరు తలుపు కనపడదు. కంప్యూటరు ఎండాకాలంలో అప్పుడప్పుడు దానంతట అదే ఆగిపోయి మళ్ళీ లేచేది, ఆ సంగతి ఇష్తియాక్‌కు రెండుసార్లు చెప్పాడు. ఇష్తియాక్ వచ్చి లోపలి పలక ఊడదీసి, పిల్లలు బడిలో వాడే రబ్బరుతో దాని అంచు రుద్ది మళ్ళీ దూర్చి పోయాడు. అది మనవాళ్ళు ప్రతి కంప్యూటరుకూ చేసే వైద్యమే.

తర్వాత అసలుది అడిగాను. పెట్టె మీద ఏం కప్పుతావు దేవన్నా అన్నాను. ఏం లేదన్నాడు. మళ్ళీ అడిగాను, మళ్ళీ ఏం లేదన్నాడు, ఈసారి తన చెప్పుల వైపు చూస్తూ. నాకు మర్యాదగా ఉండే ఓపిక అయిపోయింది. రేపు భూమేష్ ఫైలు పోతుందని, ఆ తర్వాత నువ్వు నిజం చెప్పినా వినేవాళ్ళు ఉండరని, ఆ పిల్లవాడి ఉసురు నీకే తగులుతుందని కోపంగా అన్నాను. దేవన్న లేచి తన పరుపు చుట్ట విప్పి, అందులోంచి ఒక గుడ్డ తీసి నా ఒళ్ళో పెట్టాడు.

పాత లుంగీని రెండు మడతలు వేసి కుట్టిన తొడుగు. అడుగున నాడా. ముందువైపు స్విచ్చికి చిన్న కంత, వెనక వైర్లకు ఒక చీలిక. గాలి పోయే సందు మరెక్కడా లేదు. కుట్టు ఎంత నీటుగా ఉందంటే, అంచు చుట్టూ సన్నని నీలం పట్టీ కూడా వేశాడు.

"ఇంటికాడ టీవీకి, కుట్టుమిషినికి అన్నిటికి గలేబులు కుడ్తం గదా మేడం. ఇది కంపెనీది. దుబ్బ వోయి కరాబైతే నన్నే అంటరని కుట్టిన. ఒకసారి నేను పేపరు కప్పితేనే ఇష్తియాక్ సార్ ఎగ్జిట్ కొట్టి ఊరికి పంపిస్త అన్నడు. అందుకే సార్ వస్తుండంటే తీసి దాస్త. ఆ దినం పోలీసులు రాంగనే గట్లనే తీసి దాసిన."

నాకు అతని మీద కోపం రావాలి. ఏడుపొచ్చింది. ఒక మనిషి తనది కాని వస్తువును అంత శ్రద్ధగా చూసుకుని, ఆ శ్రద్ధతోనే ఇంకొక మనిషిని జైలుకు పంపాడు. దుమ్ము లోపలికి రాకుండా చూశాడు, వేడి బయటికి పోకుండా కూడా చూశాడు. ఏసీ ఉన్నన్నాళ్ళు ఆగుతూ లేస్తూ నడిచిపోయింది. ఏసీ లేని ఆ మధ్యాహ్నం ఆ పెట్టె లోపల ఎంత ఉడికి ఉంటుందో! ఇష్తియాక్ దాన్ని తొడుగు లేకుండా తీసుకుపోయి, స్వెట్టరు వేసుకునే గదిలో పెట్టి పాస్ అన్నాడు. జ్వరమొచ్చినవాడికి జ్వరం తగ్గాక పరీక్ష చేసినట్టు.

మా వకీలుకు ఫోను చేశాను. ఆయన కేసు చూస్తున్న పోలీసు అధికారితో మాట్లాడాడు. నఖీబ్ హోదా ఉన్న ఆ అధికారి సామాన్యంగా కదలడు, కానీ తన ఫైల్లో తప్పుందని రేపు ఇంకొకరు అంటే తనకే తలవంపులు. కంప్యూటరును జీపులో వేసుకుని తనే వచ్చాడు. నాకు సాయంకాలపు అసర్ నమాజు వరకే టైమిస్తానన్నాడు. అతనికి తెలుగు రాదు, దేవన్నకు, లక్ష్మణ్‌కు అరబ్బీ రెండు ముక్కల కన్నా రాదు. ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పే పని నాదే అయింది.

ఇష్తియాక్ పెట్టెను బల్ల కింద పెట్టి వైర్లు తగిలించి పరీక్ష మొదలుపెట్టాడు. ఆ పరీక్షలో మర్మమేమీ లేదు. మెమరీలోని ప్రతి గడిలో ఒక అంకె పెట్టి, కాసేపటికి దాన్నే తిరిగి అడుగుతుంది. పెట్టింది పెట్టినట్టు చెబితే సరే, వేరే చెబితే తెర మీద ఎర్ర గీత. ముందు ఏసీ వేసే ఉంచాను. ఎర్ర గీత రాలేదు. ఇష్తియాక్ నవ్వుతూ నఖీబ్‌తో ఏదో అన్నాడు, నేను దాన్ని తెలుగులో చెప్పలేదు. తర్వాత దేవన్నతో, ఆ రోజు ఎట్లున్నదో అట్లా చెయ్యమన్నాను. అతను ఏసీ ఆపాడు, కిటికీ మూశాడు, అందరి ఎదుటా సిగ్గుతో చచ్చిపోతూ పెట్టెకు తొడుగు తొడిగి నాడా బిగించాడు.

మధ్యాహ్నపు జొహర్ అజాన్ వినిపించింది. నఖీబ్, ఇష్తియాక్ నమాజుకు పోయారు. నేను తర్వాత చదువుకుందామని అక్కడే ఉన్నాను. ఆ రేకు డబ్బాలో చెమట కళ్ళలోకి కారుతుంటే నాకు తల తిరిగింది, గడప దగ్గరికి పోయి నిలబడ్డాను. లక్ష్మణ్ మాత్రం కదల్లేదు. తెర ముందు గొంతుకూర్చుని రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని రెప్ప వేయకుండా చూస్తున్నాడు. బయటికి రా, పడిపోతావు అంటే తల అడ్డంగా ఊపాడు.

"ఎర్రగొచ్చింది అక్కా," అన్నాడు కాసేపటికి. "మా బామ్మర్ది బతికిండు."

లోపలికి ఉరికాను. ఒక గీత, దాని కింద ఇంకొకటి, మరొకటి. లక్ష్మణ్ నా కాళ్ళకు దండం పెట్టబోతే వెనక్కి జరిగాను. నాకూ సంతోషమే. అబద్ధమెందుకు, ఇష్తియాక్ వచ్చి ఆ తెర చూసే క్షణం కోసం నా ప్రాణం కొట్టుకుంది.

వచ్చాడు. చూశాడు. ఓడిపోయానని ఒప్పుకునే రకం కాదు. "నువ్వు ఉడకబెట్టి తప్పు చెప్పించినావు ఆపా. కుక్కర్లో పెడితే యా మిషినైనా పిచ్చిదైతాది," అన్నాడు. నఖీబ్‌కు కూడా అదే అరబ్బీలో చెప్పాడు. నేను కూడా అరబ్బీలోనే మొదలుపెట్టాను. ఆ రోజు ఎట్లా ఉందో ఇప్పుడూ అట్లాగే పెట్టానని, ఇది ఆగి ఆగి లేస్తోందని వాచ్‌మన్ చెప్పినా ఈయన రబ్బరుతో రుద్ది వదిలేశాడని చెప్పాను. నఖీబ్ ఇష్తియాక్ వైపు తిరిగి అవునా అన్నాడు. ఇష్తియాక్ చెమట తుడుచుకున్నాడు. ఆ చెమట ఉక్కకు కాదు.

నఖీబ్ అడిగిన ప్రశ్న న్యాయమైనదే. యంత్రం ఏదో ఒక తప్పు చేస్తుంది సరే, ఈ నంబరు విషయంలోనే చేసిందని ఎట్లా తెలుసు? తెర దగ్గరికి రమ్మన్నాను. అన్ని గీతల్లోనూ చోటు ఒకటే, తప్పూ ఒకటే. కంప్యూటరు ఏ సంఖ్యనైనా వరుస గళ్ళలో దాచుకుంటుంది. ఒక్కో గడికి ఒక్కో విలువ: ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, అట్లా రెట్టింపవుతూ పోతుంది. వెలిగిన గళ్ళ విలువలు కూడితే ఆ సంఖ్య. ఇందులో అరవై నాలుగు విలువ గల గడి వేడెక్కితే చాలు, ఆరమన్నా ఆరడం లేదు. అంటే ఆ గడి ఆరి ఉండాల్సిన సంఖ్య అక్కడ పెడితే, అరవై నాలుగు ఎక్కువ చేసి చెబుతుంది.

తర్వాత ఇష్తియాక్‌ను తెలుగులోనే అడిగాను. "గేటు ప్రోగ్రాము రోజూ పొద్దున మొదట లేస్తాదా? మెమరీలో ఒక్క చోటే కూర్చుంటాదా?"

"కూర్చుంటాది."

"ఎండాకాలం మధ్యాహ్నాలు, కంపెనీలో ఎవరికీ లేని నంబర్లు ఎప్పుడన్నా వచ్చినాయా?"

వాడు నా మొహం చూడలేదు. "మూడు నాలుగు సార్లు వచ్చినాయి. చెత్త అనుకొని తీసేసినా."

తీసేసే ముందు రాసి పెట్టుకున్న ఆ చెత్త నంబర్లు వాడి ఫోనులో ఇంకా ఉన్నాయి. ఒక్కొక్క దానిలోంచి అరవై నాలుగు తీసేస్తే, ప్రతిసారీ కంపెనీలో ఉన్న మనిషే వచ్చాడు. అందులో ఒకటి దేవన్నదే. ఆ నంబరు పడ్డ రోజు తాళం తేవడానికి స్టోరుకు పోయానని ఒప్పుకున్నాడు. యంత్రం నంబర్లు మారుస్తుందని నఖీబ్ ముందు నేను ఇంకేమీ రుజువు చేయాల్సింది మిగల్లేదు. నేను నిలబడ్డ చోటే నోటితో లెక్కవేశాను. రెండు వందల ఇరవై ఎనిమిదిలోంచి అరవై నాలుగు పోతే నూట అరవై నాలుగు.

"నూట అరవై నాలుగు ఎవరు?" అని నఖీబ్ అడిగాడు.

ఇష్తియాక్ ఫోనులో వెతికాడు. దొరికింది, తలెత్తి నన్ను చూశాడు. ఇన్నేళ్ళలో వాడి మొహంలో నా మీద గెలుపు చూశాను, ఎగతాళి చూశాను. జాలి చూడటం అదే మొదటిసారి.

"లక్ష్మణ్," అన్నాడు.

నేను వెనక్కి తిరిగాను. లక్ష్మణ్ ఇంకా తెర ముందే గొంతుకూర్చుని ఉన్నాడు. బామ్మర్ది బతికాడన్న సంతోషం మొహం మీంచి ఇంకా పూర్తిగా పోలేదు. యంత్రం అబద్ధం చెబుతోందని మొదటి రోజే అంత గట్టిగా వీడికెట్లా తెలుసని నేను ఒక్కసారి కూడా అడగలేదు. నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

"రాగి నేనే తీసిన అక్కా," అన్నాడు. ఎవరూ అడక్కముందే, కిందికి చూస్తూ. "నింద వోయి బామ్మర్ది మీద పడ్డది. మెస్సుల కొట్లాటైనంక నాకు నిద్ర పట్టలె. దాసిన చుట్ట మల్ల ఆడనే పెట్టొద్దామని పోయిన. నబీ రసూల్ అన్న చూసిండు. సార్‌కు ఫోన్ చేస్త అన్నడు. ఫోన్ గుంజుకుందామని తోసిన. ర్యాకు మూల తాకి పడ్డడు. చంపాలని పోలె. బామ్మర్ది పేరు ఎందుకొచ్చిందో నాకు సమజ్ కాలె. మిషిని తప్పని తేలితే ఇద్దరం బయటపడ్తమనుకున్న."

దేవన్న పై కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నఖీబ్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. లక్ష్మణ్‌ను, నన్ను మార్చి మార్చి చూసి, ఏమంటున్నాడు అని అడిగాడు.

ఇష్తియాక్ నా పక్కకు జరిగి, పెదాలు కదలకుండా తెలుగులో అన్నాడు. "నీళ్ళు అడుగుతాండాడని చెప్పు ఆపా. వేడికి చెడిన మిషిను చెప్పిన నంబరు, దాని మీద మనిషి తల తీయలేరు. నేనేమీ వినలేదు. ఇద్దరూ బతుకుతారు."

వాడు మంచితనంతో అన్నాడో, తన రబ్బరు సంగతి ఫైలుకెక్కకుండా ఉండాలని అన్నాడో నాకిప్పటికీ తెలియదు. రెండూ అయి ఉండొచ్చు. నాకు మాత్రం ఒప్పుకోవాలనే ఉంది. ఎంత ఉందంటే, నీళ్ళు అన్న అరబ్బీ మాట నాలుక కొన మీదికి వచ్చేసింది. లక్ష్మణ్ నన్ను చూడటం లేదు, బతిమాలడం లేదు. బతిమాలి ఉంటే నేను ఏం చేసేదాన్నో.

కానీ నబీ రసూల్ భార్య రోషన్ బీతో నేను ఫోనులో మాట్లాడి ఉన్నాను. ఆ ఆడమనిషి ఏడవలేదు, తిట్టలేదు. "ఆ పిల్లోడే చేసినాడని నీకు గట్టిగా తెలుసా అమ్మా? ఇంకో తల్లి బిడ్డను ఉత్తపుణ్యానికి చంపిస్తే ఆ పాపం నాకు వద్దు," అంది. చంపినవాణ్ణి క్షమించే హక్కైనా, వద్దనే హక్కైనా ఇక్కడి చట్టంలో ఆమెది. ఎవరిని క్షమించాలో తెలియకుండా ఆమెను చీకట్లో వదిలేయడానికి నేనెవరిని? దొంగ దొరక్కపోతే భూమేష్‌ను వీళ్ళు అంత తేలిగ్గా వదిలిపెడతారన్న నమ్మకమూ నాకు లేదు.

నఖీబ్ మళ్ళీ అడిగాడు. చెప్పాను. రాగి దగ్గర మొదలుపెట్టి ర్యాకు మూల దాకా, చంపాలని పోలేదన్న మాట రెండుసార్లు కలిపి, ఏదీ తీసేయకుండా, ఏదీ చేర్చకుండా చెప్పాను. నా గొంతు నాకే ఇంకెవరిదోలా వినిపించింది. నఖీబ్ అంతా విని, వాకిట్లో ఉన్న తన మనిషిని పిలిచాడు. ఇష్తియాక్ బయటికి పోయి గోడకు మొహం పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏం చెప్పినవక్కా?" అన్నాడు లక్ష్మణ్.

"నువ్వు చెప్పిందే చెప్పినా."

తల ఊపాడు. నా మీద కోపం కనపడలేదు, అది ఇంకా భరించలేకపోయాను. బేడీలు వేసేముందు ఇంటికి ఒక్కసారి ఫోను చేసుకోవచ్చా అని అడిగాడు. నఖీబ్ అందరికీ వినపడేలా స్పీకరు పెట్టి మాట్లాడమన్నాడు. మొదటి రింగుకే సరళ ఎత్తింది. పొద్దటి నుంచి ఫోను చేతిలోనే పట్టుకుని ఉండి ఉంటుంది.

"సరళా, తమ్మున్ని ఇడిశిపెడ్తున్నరు," అన్నాడు లక్ష్మణ్. "వాడు చెయ్యలేదని తేలింది. మిషినిదే తప్పు."

అవతల ఒక కేక, వెంటనే బోరున ఏడుపు, ఆ ఏడుపులోనే నవ్వు. ఎవరినో పేరు పెట్టి పిలిచి, మా తమ్ముడొస్తుండు అని అరిచింది. భూమేష్ ఇంటికెప్పుడొస్తాడని, తిన్నాడా అని, చిక్కిపోయాడా అని అడిగింది. లక్ష్మణ్ అన్నిటికీ ఊఁ కొడుతూనే ఉన్నాడు. నువ్వు లేకుంటే వాన్ని ఎవరు పట్టించుకుందురు, నీ కడుపు సల్లగుండ అంది. రేకు డబ్బాలో ఆ మాటలు అందరికీ వినపడుతున్నాయి. నఖీబ్ కూడా అర్థం కాకపోయినా తల వంచుకున్నాడు.

తర్వాత ఆమె కళ్ళు తుడుచుకున్నట్టుంది. గొంతు కొంచెం తగ్గింది.

"మరి ఎవడు చేసిండంట?"

లక్ష్మణ్ ఫోను నా చేతిలో పెట్టి, గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు.

"ఏమైంది, పలుకవేంది?" అంటోంది సరళ. "ఇను, ఎవడన్న గాని, వాన్ని మాత్రం ఇడిశిపెట్టొద్దని చెప్పు."

"సరళా, నేను జైనాబ్‌ను," అన్నాను. "నువ్వు ముందు కూర్చో తల్లీ."